మచ్చ పడని చర్మం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో ఆపరేషన్ కుట్ల గురించి రాస్తూ, కడుపులో ఉన్న బిడ్డకు ఆరో నెల వచ్చేదాకా చర్మం తెగినా మచ్చ పడదని ఓ వాక్యం రాశాం. మిగతా వ్యాసమంతా పక్కన పెట్టి ఆ ఒక్క వాక్యం మీదే ఉత్తరాలు వచ్చాయి. ఒకేలాంటివి కలిపేసి ఏడింటికి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: బిడ్డ ఉమ్మనీటిలో తేలుతుంటుంది. అందులో సూక్ష్మక్రిములు ఉండవు, గాయం ఎండిపోదు, పైగా చర్మం పెరగడానికి పనికొచ్చే పదార్థాలు ఉంటాయి. మచ్చ పడకపోవడం ఉమ్మనీటి మహిమేనా?
— బయోటెక్నాలజీ విద్యార్థిని, తెనాలి

మొదట్లో పరిశోధకులూ అలాగే అనుకున్నారు. 1979లో రౌలాట్ 20 వారాల మానవ పిండంలో మానిన గాయం గురించి రాశాక, చాలామంది చూపు ఉమ్మనీటి మీదే పడింది. ఆ అనుమానం తీర్చిన ప్రయోగాల్లో మూడింటిని చెప్పుకోవాలి.

మొదటిది గొర్రెల్లో జరిగింది. గొర్రె గర్భం 145 రోజులు. 60 రోజుల పిండానికి ఇంకా రోగనిరోధక శక్తి రాదు కాబట్టి, పెద్ద గొర్రె చర్మం ముక్క దాని వీపున అతికినా తిరస్కరించదు. అలా అతికి, 40 రోజులు ఆగి, అతికిన చర్మం మీద ఒక గాటు, పక్కనే పిండం సొంత చర్మం మీద ఒక గాటు పెట్టారు. రెండింటినీ తడిపేది ఒకే ఉమ్మనీరు, రెండింటిలో పారేది ఒకే రక్తం. పిండం చర్మం ఆనవాలు లేకుండా మానింది. పెద్ద గొర్రె చర్మానికి మచ్చ పడింది. 1994లో లాంగేకర్ బృందం ప్రచురించిన ఫలితం ఇది.

రెండోది అంతకు రెండేళ్ల ముందు లోరెంజ్ బృందం చేసింది. రోగనిరోధక శక్తి లేని చుండెలుకల చర్మం కింద మానవ పిండ చర్మాన్ని పెట్టి గాటు పెడితే, ఉమ్మనీటి చుక్క లేకుండానే మచ్చ పడకుండా మానింది. అదే చర్మాన్ని ఎలుక పైచర్మం స్థానంలో అతికితే మచ్చ పడింది. మచ్చలోని కొలాజెన్ (చర్మానికి బలమిచ్చే పోగుల ప్రొటీన్) పరీక్షిస్తే అది మనిషిది కాదు, ఎలుకది. అంటే ఆ గాయాన్ని పూడ్చింది ఎలుక కణాలు. గాయంలోకి ఎవరి కణాలు ముందు దిగాయన్నదే ఫలితాన్ని తేల్చింది.

మూడోది ఒపోసమ్. కంగారూల బంధువైన ఈ చిన్న జంతువు పిల్ల అరకొరగా ఎదిగి పుట్టి, తల్లి చనుమొన పట్టుకుని బయటి గాలిలోనే పెరుగుతుంది. దానికి ఉమ్మనీరు లేదు. అయినా తొలి రోజుల్లో దాని గాయాలకు మచ్చ పడదు.

ఉమ్మనీరు గాయాన్ని తడిగా, శుభ్రంగా ఉంచుతుంది, అంతవరకే. అసలు గుణం చర్మంలోని కణాలది.

ప్రశ్న: సిజేరియన్‌లో కత్తి తగిలి మా మనవరాలి చెంప మీద అర అంగుళం గాటు పడింది. పుట్టి పది రోజులైంది. పసిచర్మం కదా, మచ్చ లేకుండా పోతుందని ఇంట్లో అందరూ అంటున్నారు. నిజమేనా?
— అమ్మమ్మ, కరీంనగర్

పూర్తిగా పోతుందని మేం చెప్పలేమమ్మా. నెలలు నిండి పుట్టిన బిడ్డ చర్మం మచ్చ పడని వయసు దాటిపోయింది. మనుషుల్లో ఆ గడువు సుమారు 24 వారాలు. చుండెలుక దాదాపు 20 రోజులకు ఈనుతుంది. 16.5వ రోజున పెట్టిన గాటుకు మచ్చ ఉండదు, 18.5వ రోజుకల్లా పడుతుంది. రీసస్ కోతి గర్భం 165 రోజులు. 75వ రోజున అయిన గాయం ఆనవాలు లేకుండా మానుతుంది. 85 నుంచి 100వ రోజు మధ్య అయితే కొలాజెన్ అల్లిక సరిగ్గానే వస్తుంది గానీ అక్కడ వెంట్రుకలు, నూనె గ్రంథులు రావు. 107వ రోజుకు నికరమైన మచ్చే. ముందు పోయేది వెంట్రుకల కుదుళ్లు, తరవాత అల్లిక.

అయినా పసిపిల్లల గాయం త్వరగా మూసుకుంటుంది, పదునైన కత్తి గాటు అంచులు కలిసి ఉంటే సన్నని గీతగానే మిగులుతుంది. చేయాల్సినవి కొన్నే. కాచి చల్లార్చిన నీటితో తుడవండి. పసుపు, పౌడరు, కొబ్బరినూనె, బూడిద పెట్టకండి. వాటితో చీము పడితే గాయం రోజుల్లో మానాల్సింది వారాలు పడుతుంది, మచ్చ వెడల్పవుతుంది. పక్కు ఊడేదాకా గిల్లకూడదు, బిడ్డ గోళ్లు కత్తిరించి ఉంచండి. ఆరు నెలలు నిండేదాకా సన్‌స్క్రీన్ వద్దు, ఎండ తగలకుండా టోపీ, నీడ చాలు. గాయం పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ జెల్ రాయాలా అన్నది పిల్లల డాక్టర్‌ని అడగండి. ఎరుపు తగ్గడానికి ఏడాది పట్టవచ్చు, అందుకని మూడో నెలలో చూసి బెంగపడొద్దు. చుట్టూ ఎరుపు పాకినా, చీము కారినా, బిడ్డ ఒళ్లు వెచ్చబడినా మాత్రం ఆ రోజే చూపించాలి.

ప్రశ్న: పెద్దవాళ్ల గాయంలోనూ పిండం గాయంలోనూ అణువుల స్థాయిలో జరిగేదానికి తేడా ఏమిటి? క్లాసులో చెప్పడానికి వీలుగా రాయండి.
— జువాలజీ లెక్చరర్, అనంతపురం

పట్టుచీర చిరిగితే రెండు దారులు. ఒక మాసిక వేసి చుట్టూ కుట్టేయొచ్చు, పది నిమిషాల పని. లేదా రఫ్ఫు చేసేవాడికి ఇస్తే పడుగు, పేక చూసుకుని పోగు పోగూ అల్లుతాడు. పెద్దవాళ్ల చర్మం వేసేది మాసిక, పిండం చేసేది రఫ్ఫు. మీ పిల్లలకు ఇక్కడ మొదలుపెట్టండి.

పెద్దవాళ్ల గాయంలో ప్లేట్‌లెట్లు గడ్డకట్టి, తమ సంచుల్లోంచి పీడీజీఎఫ్, టీజీఎఫ్-బీటా1 అనే సంకేతాలను కుమ్మరిస్తాయి. మొదటి రోజు న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు, రెండు మూడు రోజులకు మాక్రోఫేజ్‌లు అనే భక్షక కణాలు వస్తాయి. ఇవి క్రిములను తింటూనే మరింత టీజీఎఫ్-బీటా1 వదులుతాయి. నాలుగైదు రోజులకు ఫైబ్రోబ్లాస్టులు దిగి కొలాజెన్ పోస్తాయి. వాటిలో కొన్ని ఆల్ఫా స్మూత్ మజిల్ యాక్టిన్ అనే కండ ప్రొటీన్ తయారుచేసుకుని మయోఫైబ్రోబ్లాస్టులుగా మారి గాయం అంచులను లోపలికి లాగుతాయి. ఆ లాగుడు వల్ల కొలాజెన్ పోగులన్నీ ఒకే వైపు తిరుగుతాయి. మచ్చ ఆకారం స్థిరపడేది ఇక్కడే. వారం తరవాత గాయం బలం మామూలు చర్మంలో 3 శాతం. మూడు నెలలకు 80 శాతానికి చేరి, అక్కడితో ఆగిపోతుంది.

పిండంలో ఇదే వరస అడుగడుగునా మెత్తబడుతుంది. ప్లేట్‌లెట్లు అంత చురుగ్గా ముద్దకట్టవు, వదిలే టీజీఎఫ్-బీటా1 తక్కువ. వాపు కణాలు కొద్దిమందే వస్తారు, వచ్చినా ఎక్కువసేపు ఉండరు. ఇక్కడ క్లాసులో తప్పక చెప్పాల్సిన జత ప్రయోగాలున్నాయి. మచ్చ పడని వయసు పిండం గాయంలో వాపు పెంచే ఇంటర్‌ల్యూకిన్-6 వేస్తే మచ్చ పడింది. వాపు తగ్గించే ఇంటర్‌ల్యూకిన్-10 జన్యువు లేని ఎలుక పిండ చర్మానికి గాయం చేసినా మచ్చే పడింది. ఒకటి కలిపితే చెడింది, ఒకటి తీసేస్తే చెడింది. వాపు ఊరికే పక్కన ఉండే సాక్షి కాదని తేలింది ఇలాగే.

టీజీఎఫ్-బీటాలో మూడు రకాలు. పెద్దవాళ్ల గాయంలో 1, 2 ఎక్కువ. పిండంలో 3 వాటా ఎక్కువ. మాంచెస్టర్‌లో ఫెర్గూసన్ బృందం పెద్ద ఎలుకల గాయాల్లో 1, 2 రకాలను యాంటీబాడీలతో అడ్డుకుని, లేదా 3వ రకాన్ని అదనంగా వేసి, మచ్చ తగ్గుతుందని చూపించింది.

పైపొర మూసుకునే తీరూ వేరే. పెద్దవాళ్లలో బాహ్యచర్మ కణాలు పాదాల్లాంటి పొడుగులు చాచి పాకుతాయి. పిండంలో గాయం అంచునున్న కణాలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని, యాక్టిన్‌తో చుట్టూ ఒక తాడు తయారుచేసి, సంచి మూతి నాడా లాగినట్టు బిగిస్తాయి. కోడి పిండం రెక్క మొగ్గలో మార్టిన్, లూయిస్ దీన్ని 1992లో చూపించారు.

ఇక కణాల చుట్టూ ఉండే జిగురు పదార్థం. హయలురోనిక్ ఆమ్లం పెద్దవాళ్ల గాయంలో మూడో రోజుకు పెరిగి ఏడో రోజుకు పడిపోతుంది. గొర్రె పిండంలో మూడు వారాలు నిలిచింది. నీరు పట్టి ఉంచే ఈ మెత్తని గుజ్జులో కణాలు సులువుగా కదులుతాయి. టెనాసిన్ అనే దారి చూపే ప్రొటీన్ ఎలుక పిండం గాయంలో గంటకే కనిపిస్తుంది, పెద్ద ఎలుకలో 24 గంటలు పడుతుంది. కొలాజెన్‌లో మూడో రకం పెద్దవాళ్ల చర్మంలో 20 శాతం ఉంటే పిండ చర్మంలో 30 నుంచి 60 దాకా ఉంటుంది. పోగుల మధ్య అడ్డుముళ్లు వేసే లైసైల్ ఆక్సిడేజ్ తక్కువ కాబట్టి పోగులు సన్నగా, సర్దుకోగలిగేలా ఉంటాయి.

సూక్ష్మదర్శినిలో చూపించగలిగితే ఈ పాఠం సగం అయిపోయినట్టే. పిక్రోసిరియస్ రెడ్ రంగు వేసిన స్లైడును ధ్రువీకృత కాంతిలో పెట్టండి. మామూలు చర్మంలో పోగులు చాప అల్లినట్టు ఒకదానికొకటి అడ్డంగా, నిలువుగా పోతుంటాయి. మచ్చలో వరిగడ్డి మోపు విప్పినట్టు అన్నీ ఒకే వైపు పడుకుని, గాఢమైన నారింజ రంగులో మెరుస్తాయి. వాటి మధ్య ఒక్క వెంట్రుక కుదురు ఉండదు. పిండం గాయం స్లైడు ఇస్తే గాయం ఎక్కడో మీకూ దొరకదు.

ప్రశ్న: అలాగైతే గ్రహణమొర్రిని కడుపులో ఉండగానే కుట్టేస్తే పెదవి మీద మచ్చే ఉండదు కదా? ఎందుకు చేయరు?
— పాఠకుడు, ఒంగోలు

బిడ్డకు మచ్చ ఉండదు సరే, తల్లి గర్భసంచికి ఉంటుంది. జంతువుల్లో చేసి చూశారు, వీలవుతుంది. కానీ గర్భసంచి కోసి మూసిన తరవాత నెలలు నిండకుండా కాన్పు కావడం, కుట్టు పలచబడటం, తరవాతి కాన్పులో గర్భసంచి చిట్లే ముప్పు ఉంటాయి. వెన్నెముక మూసుకోని బిడ్డలకు 19 నుంచి 25 వారాల మధ్య కడుపులోనే ఆపరేషన్ చేసి చూసిన అమెరికా పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. బిడ్డలకు మేలు జరిగింది, కానీ సగటున 34 వారాలకే పుట్టారు. నడక, మెదడు పణంగా ఉన్నచోట ఆ బేరం ఒప్పుతుంది. పెదవి మీద గీత కోసం ఒప్పదు. పుట్టాక పది వారాల వయసు, పది పౌండ్ల బరువు, పది గ్రాముల హిమోగ్లోబిన్ ఉంటే చేసే మామూలు ఆపరేషనే మేలు.

ప్రశ్న: 16.5వ రోజు ఎలుక పిండం వీపున గాటు పెట్టి 48 గంటలకు తీస్తున్నాం. గాయం ఎక్కడ చేశామో దొరకడం లేదు. పైగా సగం పిండాలు చనిపోతున్నాయి. తప్పెక్కడ?
— పరిశోధక విద్యార్థి, హైదరాబాద్

గాయం దొరకకపోవడం మీ తప్పు కాదు, ప్రయోగం పనిచేసిందనడానికి గుర్తు. గుర్తు పెట్టకపోవడమే తప్పు. ఫాస్ఫేట్ ద్రావణంలో 10 శాతానికి పలచన చేసిన ఇండియా ఇంకు సన్నని సూదిమొనతో గాయం అంచున అణువంత పెట్టండి. ఎక్కువైతే సెక్షన్‌లో నల్లముద్ద తప్ప కణాలు కనిపించవు.

చావులకు మామూలుగా కారణం ఉమ్మనీరు కారిపోవడం. ముందు గర్భసంచి, ఉమ్మసంచి రెండింటినీ కలిపి 7-0 దారంతో నాడాకుట్టు వేసి, ఆ వలయం మధ్యలోనే కోయాలి. కోసి తరవాత కుట్టబోతే పొరలు జారిపోతాయి. గాటు మైక్రో కత్తెరతో ఒకటి రెండు మిల్లీమీటర్లు, చర్మం పూర్తి మందం తెగేలా చాలు. నాడా బిగించేముందు 37 డిగ్రీల సెలైన్ ఎక్కించి పోయిన నీటిని భర్తీ చేయండి. బయటికి తీసిన గర్భసంచిని గోరువెచ్చని సెలైన్ గాజుగుడ్డతో కప్పే ఉంచాలి, ఆరితే గంటలో పోతుంది. గర్భాశయ ముఖద్వారం దగ్గరి పిండాల జోలికి వెళ్లొద్దు, తల్లి మొత్తం ఈతనే పోగొట్టుకుంటుంది. తల్లి ఒక్కోదానిలో రెండు మూడుకు మించి చేయకండి.

రోజుల లెక్క కూడా సరిచూడండి. యోనిలో ప్లగ్ (జతకట్టాక ఏర్పడే బిరడా) కనిపించిన ఉదయం 0.5వ రోజు. దాన్ని ఒకటిగా లెక్కేస్తే మీ 16.5 నిజానికి 16 మాత్రమే. 18.5వ రోజు గాయాలను పోలిక కోసం పెట్టుకున్నవాళ్లు ఇంకో తిప్పలు పడతారు. తల్లి ఈనితే గాయపడ్డ పిల్లల్ని తినేస్తుంది, కాబట్టి ఈనకముందే సిజేరియన్ చేసి తీయాలి. రెండు వయసులకూ గాయం నుంచి తీసేదాకా ఒకే వ్యవధి ఉండాలి, లేకపోతే పోలికకు అర్థం లేదు.

పిక్రోసిరియస్ రంగుల విషయంలో ఓ మాట. ఎరుపంటే మొదటి రకం, ఆకుపచ్చంటే మూడో రకం అని రాసేస్తుంటారు. ఆ రంగు పోగు మందాన్ని, కూర్పును బట్టి మారుతుంది, రకాన్ని బట్టి కాదు. రకం చెప్పాలంటే యాంటీబాడీ వాడాల్సిందే. జంతు నైతిక సంఘం అనుమతిలో తల్లికి శస్త్రచికిత్స అని మాత్రమే కాకుండా పిండం మీద జోక్యం అని కూడా రాసి ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న: పెద్దవాళ్ల చర్మాన్ని మళ్లీ పిండం చర్మంలా మార్చే మందు వస్తుందా? ఎన్‌గ్రెయిల్డ్ జన్యువు గురించి ఎక్కడో చదివాను.
— ఫార్మసీ విద్యార్థి, విశాఖపట్నం

ఒకసారి వచ్చినట్టే వచ్చి పోయింది. ఫెర్గూసన్ స్థాపించిన రెనోవో కంపెనీ టీజీఎఫ్-బీటా3ని అవోటెర్మిన్ పేరుతో ఇంజెక్షన్‌గా చేసింది. గాయం అంచున చర్మంలోకే నానోగ్రాముల్లో ఎక్కించేవారు. మనుషుల మీద పరీక్షల రెండో దశలో ఆశ పుట్టింది. 2011 ఫిబ్రవరిలో మూడో దశ విఫలమైంది. మా దృష్టిలో అది ఆశ్చర్యం కాదు. పైన చెప్పిన జాబితా మళ్లీ చూడండి: ప్లేట్‌లెట్లు, వాపు, జిగురు, కణాల రకం. పది చోట్ల తేడా ఉన్నప్పుడు ఒక్క మీట తిప్పితే మొత్తం తిరగదు.

మీరు చదివినది తరవాతి కథ. 2015లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఎలుక వీపు చర్మంలోని ఫైబ్రోబ్లాస్టులు అన్నీ ఒకటి కాదని చూపించారు. పెరిగే క్రమంలో ఎన్‌గ్రెయిల్డ్-1 జన్యువు వెలిగిన వంశం ఒకటి ఉంది, మచ్చ కొలాజెన్‌లో ఎక్కువ భాగం పోసేది అదే. తొలినాటి పిండ చర్మంలో ఆ వంశం కొద్దిగా, ఎన్‌గ్రెయిల్డ్ వెలగని వంశం ఎక్కువగా ఉంటుంది. వయసుతో ఆ నిష్పత్తి తిరగబడుతుంది. గాయంలోకి ఎవరి కణాలు ముందు దిగాయన్న మొదటి జవాబులోని మాటకు ఇక్కడ పేరు దొరికింది.

2021లో అదే బృందం ఇంకో అడుగు వేసింది. పెద్ద ఎలుకలో ఎన్‌గ్రెయిల్డ్ లేని కణాలు కూడా గాయం లాగుడు వల్ల దాన్ని కొత్తగా వెలిగించుకుంటాయి. ఆ లాగుడును కణం లోపలికి చేరవేసేది యాప్ అనే ప్రొటీన్. కంటి రెటీనా జబ్బుకు ఇప్పటికే వాడే వెర్టెపోర్ఫిన్ యాప్‌ను అడ్డుకుంటుంది. దాన్ని గాయంలో ఎక్కిస్తే 30 రోజులకు ఎలుక చర్మంలో వెంట్రుకలు, గ్రంథులు తిరిగి వచ్చాయి, బలం మామూలు చర్మానికి దగ్గరగా వచ్చింది.

ఎలుక చర్మం కింద పలచని కండపొర ఉండి గాయాన్ని ముడుచుకునేలా చేస్తుంది. మన చర్మం అలా ముడుచుకోదు. అందుకే ఇలాంటి ప్రయోగాల్లో గాయం చుట్టూ సిలికాన్ రింగు కుట్టి ముడుచుకోకుండా ఆపుతారు. రింగు లేకుండా చేసిన ఎలుక ప్రయోగం మచ్చ తగ్గించిందంటే ముందు అనుమానించండి.

ప్రశ్న: ‘మావి సారం’, ‘ఫీటల్ స్టెమ్ సెల్ సీరమ్’ అని ఆన్‌లైన్‌లో మచ్చలకు మూడు నాలుగు వేలకు అమ్ముతున్నారు. కొనొచ్చా? నాకు చెవి కుట్టించుకున్నచోట కండ పెరిగింది.
— పాఠకురాలు, న్యూజెర్సీ

కొనొద్దు. పైన పూసినది చర్మం దాటాలంటే అణువు బరువు సుమారు 500 డాల్టన్ల లోపు ఉండాలి. టీజీఎఫ్-బీటా3 బరువు 25,000, కొలాజెన్‌ది 3 లక్షలు. సీసాలో నిజంగానే ఉన్నా పైనే ఆరిపోతాయి. కాలిన గాయాల మీద, కంటి మీద డాక్టర్లు పరిచే ఉమ్మసంచి పొర వేరే సంగతి, అది మంచి కట్టు.

మీకున్నది కీలాయిడ్ (గాయం హద్దు దాటి పెరిగే మచ్చ) అయి ఉండొచ్చు, ఎంత పెరిగిందో చర్మవైద్యుడే చూడాలి. ఊరికే కోయించుకోవద్దు, కోత ఒక్కటే అయితే చాలామందికి మళ్లీ, ఒక్కోసారి ఇంకా పెద్దగా వస్తుంది. మామూలుగా ట్రైయామ్సినలోన్ అనే స్టెరాయిడ్‌ను మిల్లీలీటరుకు 10 నుంచి 40 మిల్లీగ్రాముల గాఢతలో, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి కండలోకే ఎక్కిస్తారు. కండ కిందకి, కొవ్వులోకి వెళితే అక్కడ గుంట పడుతుంది, చుట్టూ తెల్లబడుతుంది. అందుకే అనుభవం ఉన్న చేయి కావాలి. కోసినా వెంటనే ఇంజెక్షన్లు, చెవికి ఒత్తిడి పెట్టే క్లిప్పు తప్పవు.

సిలికాన్ షీటు వాడితే గాయం పూర్తిగా మూసుకున్నాకే మొదలుపెట్టి రోజుకు 12 గంటలకు తగ్గకుండా, కనీసం రెండు మూడు నెలలు ఉంచాలి. రోజూ తీసి సబ్బుతో కడిగి ఆరబెట్టి మళ్లీ అంటించండి. కడగకపోతే కింద చెమట నిలిచి దురద, పొక్కులు వస్తాయి, అక్కడే చాలామంది మానేస్తారు. రెండో చెవికి మళ్లీ కుట్టించుకునే ఆలోచన ఉంటే మానుకోండి.